చలిజ్వరం మాత్రలు, నల్లబడ్డ మూత్రం: ఒక జీ6పీడీ లోపం కేసు

ఏజెన్సీ గ్రామం నుంచి 20 ఏళ్ల యువకుణ్ణి వానాకాలం చివర్లో మా వార్డుకు తీసుకొచ్చారు. నడుం నొప్పి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, ముందురోజు రాత్రి నుంచి టీ డికాషన్ రంగులో మూత్రం. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, అరచేతులు తెల్లగా పాలిపోయాయి. జ్వరం మాత్రం లేదు. అంతకు ముందు వారం చలిజ్వరం వస్తే ఊళ్ళోనే వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేశారు, వైవాక్స్ మలేరియా అని తేలింది, ఆశా కార్యకర్త మందులిచ్చింది. క్లోరోక్విన్ మూడు రోజుల కోర్సు పూర్తయింది. రెండో మందు ప్రైమాక్విన్, కాలేయంలో దాక్కునే వైవాక్స్‌ను చంపడానికి 14 రోజులు వేసుకోవాలి. తల్లి కొంగుముడి విప్పి ఆ స్ట్రిప్పులు నా చేతిలో పెట్టింది. రోజుకు రెండు చొప్పున ఎనిమిది గూళ్ళు ఖాళీగా ఉన్నాయి, మిగతా బిళ్ళలు అలాగే ఉన్నాయి.

రోగినీ కుటుంబాన్నీ గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను. రాయడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. ఏజెన్సీ ఆసుపత్రుల్లో పనిచేసే యువ డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు చదవాలన్నది నా కోరిక. ఎందుకంటే జీ6పీడీ లోపాన్ని, అంటే ఎర్రకణాన్ని కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటాన్ని, పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు, అడగాల్సిన ప్రశ్నలు తెలిస్తే చాలు.

మొదటి గంటలో చూసినవి

వానాకాలం, పొలం పని, పచ్చకామెర్లు, ముదురు రంగు మూత్రం అనగానే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం ద్వారా సోకే జ్వరం) గుర్తొస్తుంది. ఫాల్సిపారం మలేరియా ముదిరినా ఇలాగే ఉంటుంది. మామూలు హెపటైటిస్‌లోనూ మూత్రం ముదురు పసుపులోకి మారుతుంది. వీటిలో ఏదనుకుంటే ఆ దారిలో వైద్యం వెళ్ళిపోతుంది, అసలు కారణమైన బిళ్ళ మాత్రం రోజూ కడుపులోకి పోతూనే ఉంటుంది. అందుకే మొదటి గంటలో కారణం తేల్చుకోవాలి.

మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పించాను. మూత్రంలో ఎర్రకణాలే ఉంటే అవి అడుక్కి దిగి, పైన నీరు తేటపడాలి. ఇక్కడ అడుగున ఏమీ లేదు, రంగు పై నుంచి కింది దాకా ఒకేలా ఉంది. డిప్‌స్టిక్ రక్తం ఉందని చూపిస్తోంది, మైక్రోస్కోప్‌లో మాత్రం ఎర్రకణం ఒక్కటీ కనబడలేదు. అంటే మూత్రంలోకి దిగుతున్నది కణాలు కాదు, కణాలు పగిలి బయటపడ్డ హిమోగ్లోబిన్. రక్తం శాంపిల్ తిప్పినా పైన తేలిన ప్లాస్మా గులాబీ రంగులో ఉంది. రక్తనాళాల్లోనే ఎర్రకణాలు పగిలిపోతున్నాయని ఈ రెండు గొట్టాలు చెప్పేశాయి.

తర్వాత స్లైడ్. కొన్ని ఎర్రకణాలకు అంచున ఒక ముక్క కొరికి తీసేసినట్టు ఖాళీ ఉంది, వాటినే బైట్ సెల్స్ అంటాం. మిథైల్ వయొలెట్ రంగు వేసి చూస్తే కణాల లోపలి అంచుకు అతుక్కుని ఊదా చుక్కలు కనిపించాయి. అవి హీన్జ్ బాడీలు, పాడైపోయి గడ్డకట్టిన హిమోగ్లోబిన్. ప్లీహం ఆ చుక్కల్ని గిల్లేసినప్పుడు మిగిలేవే ఆ కొరికిన ఆకారాలు. మలేరియా పరాన్నజీవులు స్లైడ్‌లో లేవు. సికిల్ పరీక్ష నెగెటివ్, శరీర రక్షణ వ్యవస్థే ఎర్రకణాల మీద దాడి చేస్తోందా అని చూసే కూంబ్స్ పరీక్ష నెగెటివ్. హిమోగ్లోబిన్ 6.2, బిలిరుబిన్ 6.8, అందులో ఎక్కువ భాగం ఎర్రకణాలు పగిలినప్పుడు పెరిగే ఇన్‌డైరెక్ట్ రకం. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7.

ప్రైమాక్విన్ అప్పటికప్పుడే ఆపేశాం. ఐవీ ఫ్లూయిడ్స్ పెట్టి, మూత్రం ఎంత వస్తోందో గంట గంటకూ రాసుకున్నాం. రెండు యూనిట్ల రక్తం ఎక్కించాం. మూడో రోజుకు మూత్రం రంగు తేలికపడింది, క్రియాటినిన్ దిగొచ్చింది, డయాలిసిస్ దాకా వెళ్ళలేదు. ఇలాంటి రోగుల్లో పెదవులు నీలంగా మారి, పల్స్ ఆక్సీమీటర్ తక్కువ చూపిస్తే మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని హిమోగ్లోబిన్ రూపం) పెరిగిందేమో అనుమానించాలి. కానీ దానికి అలవాటుగా వాడే మిథిలిన్ బ్లూ ఈ రోగులకు ఇవ్వకూడదు. ఆ మందు పనిచేయడానికి ఏ పదార్థం కావాలో సరిగ్గా అదే వీళ్ళ కణాల్లో కొరవడుతుంది, పైగా ఉన్న కణాలు ఇంకా పగులుతాయి.

తల్లి చెప్పిన మాట

రెండో రోజు తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా మూత్రం నల్లబడిందా అని. "మా తమ్ముడికీ ఇలాగే నల్లగా పోసింది బాబూ, జొరం బిళ్ళలు వేసుకున్నప్పుడు. కామెర్లన్నారు. పసరు పోయించాం, తగ్గిపోయింది" అంది.

పసరుకు ఇలా నయం చేస్తుందన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ప్రైమాక్విన్ శరీరంలో ఎక్కువసేపు ఉండదు, బిళ్ళ మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ఎర్రకణాలు పగలడం నెమ్మదిస్తుంది. కళ్ళు పచ్చబడ్డాయని ఇంగ్లీషు మందులన్నీ ఆపేసి పసరు మందుకు వెళ్ళినవాళ్ళకు నయం కావడం చాలావరకు ఆ మానడం వల్లే. మా ప్రాంతంలో ఇలా తేరుకుని ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళు ఎంతోమంది ఉంటారని నా నమ్మకం. వాళ్ళ లోపం ఎక్కడా నమోదు కాదు, తర్వాతి జ్వరానికి మళ్ళీ అదే బిళ్ళ వేసుకుంటారు.

తల్లి మాటలో నాకు కావలసింది "తమ్ముడు". రోగికి మేనమామ. జీ6పీడీ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాళ్ళకు ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. అందులో లోపం ఉంటే సర్దుకోవడానికి రెండోది లేదు. కొడుకుకు, తల్లి తమ్ముడికి ఒకే జబ్బు, తండ్రి వైపు ఎవరికీ లేదు అంటే లోపం తల్లి ద్వారా వచ్చిందన్నమాట. రక్తహీనత కేసుల్లో "మీ నాన్నకు ఉందా, అమ్మకు ఉందా" అని అడిగి ఊరుకుంటాం. మేనమామలనూ, అమ్మమ్మ అన్నదమ్ములనూ అడిగితే ఇలాంటి కేసు సగం తేలిపోతుంది.

ఎర్రకణంలో ఏం జరిగింది

మిగతా కణాలకు ఉండే మైటోకాండ్రియా ఎర్రకణానికి ఉండదు. ఆక్సిజన్‌ను మోసే పనిలో పుట్టే హానికర అణువుల నుంచి తనను కాపాడుకోవడానికి దానికి గ్లుటాథయోన్ కావాలి. గ్లుటాథయోన్‌ను పనికొచ్చే స్థితిలో ఉంచడానికి ఎన్‌ఏడీపీహెచ్ కావాలి. ఎర్రకణంలో అది తయారయ్యే దారి ఒక్కటే, ఆ దారిలో మొదటి మెట్టు జీ6పీడీ. రోజువారీ అవసరానికి కొద్దిపాటి ఎంజైమ్ సరిపోతుంది, అందుకే ఈ కుర్రాడు 20 ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా బతికాడు, కొండెక్కాడు, పోడు చేశాడు. ప్రైమాక్విన్ నుంచి పుట్టే పదార్థాలు కణం మీద ఒక్కసారిగా ఒత్తిడి పెంచినప్పుడే లోపం బయటపడింది.

ఇక్కడ కాస్త ఆగాలి. జన్యువులో తేడా ఉంది కాబట్టి జబ్బు ఉంది అనడం సరికాదు. తేడా ఉంది, దానికి తగిన ప్రేరకం తగిలింది, అప్పుడు జబ్బు వచ్చింది. ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మందికి జీ6పీడీ లోపం ఉందని అంచనా. వాళ్ళలో ఎక్కువమంది జీవితాంతం ఆ సంగతే తెలియకుండా బతికేస్తారు. షుగర్, గుండె జబ్బుల్లో వందలాది జన్యు తేడాలు తలా కొంచెం పాత్ర పోషిస్తాయి, ఏ ఒక్కదాన్నీ చూపించి "ఇదే కారణం" అనలేం. జీ6పీడీలో జన్యువు ఒకటి, ప్రేరకం ఒకటి, ఫలితం కళ్ళెదుట సీసాలో. జన్యువుకూ పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని విద్యార్థులకు చెప్పాల్సి వస్తే నేను ఎప్పుడూ దీనితోనే మొదలుపెడతాను.

ఈ లోపాన్ని కనిపెట్టిన కథ కూడా ఈ బిళ్ళతో ముడిపడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైల్లో ఖైదీల మీద మలేరియా మందుల ప్రయోగాలు చేశారు. ఖైదీల మీద అలాంటి ప్రయోగాలు ఈ రోజు ఏ నైతిక కమిటీ ముందూ నిలబడవు, ఆ సంగతి మరచిపోకూడదు. ప్రైమాక్విన్ ఇచ్చినప్పుడు కొందరికి, ముఖ్యంగా ఆఫ్రికన్ మూలాలున్నవారికి, ఎర్రకణాలు పగిలిపోయాయి. ఆ కణాలకు రేడియోధార్మిక క్రోమియం గుర్తు పెట్టి, ఏ ఇబ్బందీ లేనివారి ఒంట్లోకి ఎక్కించి చూస్తే అక్కడా పగిలాయి. లోపం కణంలోనే ఉందని అలా తేలింది. 1956లో కార్సన్, ఆల్వింగ్ బృందం ఆ లోపం జీ6పీడీ ఎంజైమ్‌దేనని ప్రకటించింది.

ఈ లోపం ఇంతమందిలో ఎందుకు మిగిలింది?

హాని చేసే తేడా అయితే తరాలు గడిచేకొద్దీ అరిగిపోవాలి కదా. కానీ మలేరియా తరతరాలుగా పీడించిన ప్రాంతాల్లోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఆఫ్రికా, మధ్యధరా తీరం, పశ్చిమాసియా, మన దేశంలో ఆదివాసీ ప్రాంతాలు. రక్తానికి సంబంధించిన ఒక వంశపారంపర్య లోపం మలేరియా నుంచి రక్షణ ఇస్తుండవచ్చని 1949లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ తలసీమియా గురించి రాస్తూ ఊహించాడు. ఆయన 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఆయన ఊహకు సాక్ష్యంగా నిలిచే మనుషులు కాకినాడకు ఎంతో దూరంలో లేరు, ఆ పైన కొండల్లోనే ఉన్నారు.

జీ6పీడీ విషయంలో 1995లో గాంబియా, కెన్యా పిల్లల మీద జరిగిన అధ్యయనం ఈ లోపం తీవ్రమైన మలేరియా ముప్పును 46 నుంచి 58 శాతం దాకా తగ్గిస్తుందని చెప్పింది. లోపమున్న కణంలో పరాన్నజీవికి కూడా ఒత్తిడి ఎక్కువే, దాన్ని మోస్తున్న కణాన్ని శరీరం త్వరగా తొలగిస్తుంది. తర్వాత ఇంకా పెద్ద ఎత్తున జరిగిన విశ్లేషణల్లో బొమ్మ కొంచెం మారింది. మెదడుకు సోకే మలేరియా ముప్పు తగ్గుతోంది, మలేరియా వల్ల వచ్చే తీవ్ర రక్తహీనత ముప్పు పెరుగుతోంది. ఒకే తేడా ఒక జబ్బు నుంచి కాపాడుతూ ఇంకో దానికి దారి తీస్తోంది. అందుకే ఆదివాసీల రక్తం "బలహీనమైనది" అని ఎవరైనా, కొన్నిసార్లు డాక్టర్లు కూడా, అంటుంటే నాకు బాధ కలుగుతుంది. ఆ తేడా వాళ్ళ పూర్వీకుల్లో కొందరిని మలేరియా చావు నుంచి తప్పించి ఉంటుంది, లేకపోతే ఇన్ని తరాలు మిగలదు.

పరీక్ష ఎప్పుడు చేయాలి

ఈ ఎంజైమ్ లోపం ఉందో లేదో చూడటానికి మేం మూడో రోజున పంపిన ఫ్లోరసెంట్ స్పాట్ పరీక్ష "నార్మల్" అని వచ్చింది. వార్డులో అందరికీ టెన్షన్ మొదలైంది, అనుకున్నది తప్పా అని. తప్పు కాదు. ఈ ఎంజైమ్ కణం వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఎర్రకణం జీవితకాలం దాదాపు 120 రోజులు. ప్రైమాక్విన్ దెబ్బకు ముందు పగిలేవి ముసలి కణాలు. మిగిలినవీ, మూలుగ హడావుడిగా తయారుచేసి పంపేవీ పడుచు కణాలు, వాటిలో ఎంజైమ్ కొంత ఎక్కువే. దానికి తోడు మేం ఎక్కించిన రెండు యూనిట్లలో దాతల కణాలున్నాయి. ఆ శాంపిల్‌లో లోపం కనబడకపోవడంలో వింతేమీ లేదు. కాగితం మీద నార్మల్ చూసి మళ్ళీ ప్రైమాక్విన్ మొదలుపెట్టడమే అసలు ప్రమాదం. మూడు నెలలయ్యాక మళ్ళీ చేయించాం. ఈసారి లోపం స్పష్టంగా కనిపించింది.

జన్యు పరీక్షలో జీ6పీడీ ఒరిస్సా అనే రకం అని తేలింది. జన్యు సంకేతంలో 131వ స్థానంలో సి ఉండాల్సిన చోట జి ఉంది. దానివల్ల 515 అమైనో ఆమ్లాల గొలుసులో 44వది అలనిన్ బదులు గ్లైసిన్ అయింది. అంతే తేడా. మన దేశంలో ఆదివాసీ సమూహాల్లో ప్రధానంగా కనిపించే రకం ఇదేనని 1995లో ఈ రకాన్ని వివరించినవారే చెప్పారు. మెడిటరేనియన్, కేరళ-కల్యాణ్ రకాలు కూడా మన దేశంలో ఉన్నాయి. వైద్యం చేసేందుకు ఈ పేరు తెలిసి తీరాలనేమీ లేదు, ఎంజైమ్ స్థాయి తెలిస్తే సరిపోతుంది.

అక్క, మేనమామ, మూడేళ్ల పాప

రోగి అక్కను ఇచ్చింది ఆ మేనమామకే. మన ఇళ్ళలో మేనరికాలు మామూలే. ఈ సంగతి తెలిసిన రోజే పాప గురించి అడిగాను. వాళ్ళకు మూడేళ్ల కూతురుంది. పుట్టిన మూడో రోజుకే బాగా పచ్చబడిందని, ఆసుపత్రిలో నీలం లైటు కింద పెట్టారని చెప్పారు.

సాధారణంగా ఆడపిల్లల్లో ఈ లోపం తీవ్రంగా ఉండటం అరుదు, రెండు ఎక్స్‌లలో ఒకటి బాగుంటుంది కాబట్టి. కానీ తండ్రికి లోపం ఉంటే కూతురికి ఆ ఎక్స్ తప్పకుండా వస్తుంది. తల్లి ఆ తండ్రికే మేనకోడలు కాబట్టి ఆమె కూడా అదే ఎక్స్‌ను మోస్తుండే అవకాశం సగానికి సగం ఉంది. మోస్తుంటే పాపకు రెండు వైపుల నుంచీ అదే రావచ్చు. పరీక్ష చేయిస్తే అలాగే జరిగిందని తేలింది. పాపలో ఎంజైమ్ ఆమె మేనమామ అయిన మన రోగిలో ఉన్నంత తక్కువగానే ఉంది.

అక్క ఫలితం ఇంకో పాఠం. ఆమె స్పాట్ పరీక్ష నార్మల్ వచ్చింది, ఎంజైమ్‌ను కొలిచే పరీక్షలో సగానికి దగ్గరగా ఉంది. ఆడవాళ్ళలో ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోతుందని 1961లో జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ ప్రతిపాదించింది. అందువల్ల ఈమె రక్తంలో కొన్ని కణాలు పూర్తిగా బాగుంటాయి, కొన్ని పూర్తి లోపంతో ఉంటాయి. స్పాట్ పరీక్ష సగటును చూస్తుంది కాబట్టి బాగున్నట్టే కనిపిస్తుంది. ప్రైమాక్విన్ వేస్తే ఆ లోపమున్న కణాలు పగలడం మాత్రం ఆగదు. కాలేయంలో దాక్కున్న వైవాక్స్‌ను చంపడానికి ఒక్క డోసుగా ఇచ్చే టాఫెనోక్విన్ ఎక్కువ రోజులు శరీరంలో ఉండిపోయే మందు. దాన్ని ఇచ్చే ముందు ఎంజైమ్ 70 శాతం పైన ఉందని కొలిచి తీరాలనడానికి కారణం ఇలాంటి మహిళలే.

పాపకు ఏవి వద్దో చెప్పేటప్పుడు జాబితా ఎంత చిన్నదైతే అంత మంచిది. ప్రైమాక్విన్, డాప్సోన్ (కుష్ఠు మందు), నైట్రోఫ్యూరాంటాయిన్ (మూత్ర ఇన్‌ఫెక్షన్ మందు), మిథిలిన్ బ్లూ వద్దు. బట్టల పెట్టెలో కలరా ఉండలు వద్దు. చిన్నపిల్ల ఒంటికి గోరింటాకు పెట్టవద్దు, ఈ లోపమున్న పసిపిల్లల్లో గోరింటాకు వల్ల ఎర్రకణాలు పగిలిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. జ్వరానికి మామూలు మోతాదులో పారాసిటమాల్ ఇవ్వవచ్చు. క్లోరోక్విన్ మలేరియా మోతాదులో ఇవ్వవచ్చు. అన్నీ వద్దని భయపెడితే రేపు నిజంగా మందు అవసరమైనప్పుడు కూడా తల్లి ఇవ్వదు.

మిగిలిపోయిన మలేరియా

కుర్రాడి రక్తం తేరుకుంది, కానీ కాలేయంలో దాక్కున్న వైవాక్స్ అలాగే ఉంది. దాన్ని చంపేది ప్రైమాక్విన్, టాఫెనోక్విన్‌లే, రెండూ ఒకే కుటుంబం మందులు. దాదాపు రెండు నెలలకు జ్వరం తిరగబెట్టింది. క్లోరోక్విన్‌తో తగ్గించి పంపాం. మళ్ళీ వస్తుందని అందరికీ తెలుసు. ప్రతిసారీ రక్తం పలచబడుతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా వైద్యం కాదు.

1960లోనే ఆల్వింగ్ బృందం వారానికి ఒక డోసు చొప్పున ఇస్తే ఎర్రకణాల నష్టం తగ్గుతుందని చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ లోపమున్నవారికి కిలోకు 0.75 మి.గ్రా. చొప్పున వారానికి ఒకసారి, ఎనిమిది వారాలు, దగ్గరి పర్యవేక్షణలో ఇవ్వడాన్ని పరిశీలించమంటుంది. మధ్యలో దొరికే రోజుల్లో ముసలి కణాల స్థానంలో పడుచు కణాలు వస్తాయి. మొదటిసారి నాలుగు రోజుల్లో 60 మి.గ్రా. ఒంట్లో పడి రక్తం ఎక్కించాల్సి వచ్చినవాడు కాబట్టి నాకు జంకు లేకపోలేదు. హిమోగ్లోబిన్ 12 దాటేదాకా ఆగాం. బ్లడ్ గ్రూపు చూసి రక్తం సిద్ధంగా ఉంచుకుని, వార్డులో చేర్చుకుని, అన్నం తిన్నాక 37.5 మి.గ్రా. ఇచ్చాం. మూత్రం ప్రతిసారీ తెల్ల సీసాలో పట్టించాం. మొదటి వారం హిమోగ్లోబిన్ 12.1 నుంచి 10.9కి పడింది, రెండో డోసు తర్వాత ఇంకొంచెం తగ్గింది, నాలుగో వారానికి మళ్ళీ పైకొచ్చింది. ఎనిమిది డోసులూ పూర్తయ్యాయి. ఇది ఊళ్ళో చేయాల్సిన పని కాదు, రక్తం ఎక్కించే వసతి చేతికి అందేచోట మాత్రమే చేయాలి.

పరీక్ష చేసి మరీ బిళ్ళ ఇచ్చే వసతి మన ఊళ్ళన్నిటికీ ఇంకా రాలేదు. అందుకే మూత్రం నల్లబడినా, కళ్ళు పచ్చబడినా, పెదవులు నీలమైనా, ఆయాసం వచ్చినా బిళ్ళ ఆపి వెంటనే రమ్మని రోగికి చెప్పాలని మన జాతీయ మార్గదర్శకాలు అంటాయి. ఈ ఊరి ఆశా కార్యకర్త ఆ మాట చెప్పింది. కుర్రాడు ఐదో రోజు బిళ్ళ వేసుకోకుండా వచ్చాడంటే అది ఆమె పుణ్యమే.

ఆఖరి పరీక్షకు మేనమామ కూడా వచ్చాడు. ఆయన ఎంజైమ్ తక్కువే, అది ఊహించిందే. భార్య మళ్ళీ నెల తప్పింది. "ఈసారి కొడుకు పుడితే నా వల్ల వాడికీ వస్తదా సార్?" అని అడిగాడు. కొడుకుకు ఆయన ఇచ్చేది వై క్రోమోజోమ్, ఆయన లోపం కొడుక్కి పోదు, వస్తే తల్లి వైపు నుంచి రావాలి, దానికి సగం అవకాశం ఉంది అని చెప్పాను. కూతురైతే ఆయన ఎక్స్ ఎలాగూ వస్తుంది, తల్లి నుంచి కూడా వచ్చి పూర్తి లోపం ఉండే అవకాశం సగం. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని, పుట్టిన బిడ్డను మొదటి వారమంతా పగటి వెలుగులో రోజూ చూసి, ఏమాత్రం పచ్చబడినా బిలిరుబిన్ చేయించాలని ఆమె కార్డు మీద ఎర్ర సిరాతో రాసిచ్చాను.